మంద పిలుపు

తాండూరు స్టేషను ఎదుటి చాయ్ హోటల్లో ఆదివారం పూట బయటి బల్ల ఆ ముగ్గురిదీ. ఎదురుగా మూడు మోటారు సైకిళ్లు వరసగా స్టాండు వేసి ఉంటే తప్ప వాళ్లకు చాయ్ రుచించేది కాదు. ఎవరి బండి వాళ్ల కంటికి ఆనాలి. సాసర్లో పోసుకుని ఊదుతున్నంత సేపూ చూపు దాని మీదే.

ముగ్గురిలో పెద్దవాడు మునీర్. ఊరి బయట నాపరాళ్ల గని ఉన్నవాడు. మాటకూ, నవ్వుకూ, చాయ్‌లో చక్కెరకూ కొదవ చేసే మనిషి కాదు. ఇప్పుడు నడుపుతున్నది ఎన్‌ఫీల్డ్ బుల్లెట్టు. అంతకు ముందు ఏరియల్, దానికి ముందు నార్టన్ ఉండేవి. అమ్మేసిన బండ్ల గురించి చెప్పేటప్పుడు కాలం చేసిన బంధువుల గురించి చెప్పినట్టు గొంతు తగ్గించేవాడు. ఏరియల్ మీద గుల్బర్గా, షోలాపూర్ మీదుగా పూనా పోయొచ్చిన సంగతి ఆ బల్ల దగ్గర ఎన్నిసార్లు చెప్పాడో. చెప్పిన ప్రతిసారీ షోలాపూర్ దగ్గర కురిసిన వాన ఇంకొంచెం పెద్దదయ్యేది. నార్టన్ మీద హుమ్నాబాద్ పోతుంటే చైను తెగింది. అది బండి తప్పు కాదు, నూనె వెయ్యని నా తప్పు అని ఇప్పటికీ చెవి పట్టుకునేవాడు.

రెండో అతను మహేందర్. ధారూర్ దిక్కు భూములున్న ఇంటివాడు. అందరికన్నా చిన్న. అతనిది కొత్త జావా. ఎర్రటి ట్యాంకు మీద ఈగ వాలితే చాయ్ వదిలి లేచి పోయి తుడిచి వచ్చేవాడు. కిక్కు కొట్టే రాడ్డే గేరు రాడ్డు కూడా కావడం అతని దృష్టిలో మనిషి బుద్ధికి పరాకాష్ట. దాని మీద మైసూరు పోయొచ్చాడు. నడుము నొప్పి లేదు, చేతులకు తిమ్మిరి లేదు, ఇంట్లో మంచం మీద కూర్చున్నట్టు పోవచ్చునని వాదించేవాడు. మంచం మీద కూర్చునేదానికి మైసూరు దాకా ఎందుకు పోవాలని మునీర్ అడిగేవాడు.

మూడో అతను చెన్నయ్య. వికారాబాదులో రోడ్ల ఓవర్సీరు. మిలిటరీ వాళ్లు వేలం వేసింది చేతులు మారి మారి అతని దగ్గరికి చేరిన పాత బీఎస్ఏ అతనిది. వెనక చక్రానికి స్ప్రింగులే లేవు. గతుకు వస్తే వెన్నుపూసకు తెలుస్తుంది. దాని మీదనే సాగర్ కట్ట పని చూసొచ్చాడు. జోరు లేదు గాని బరువు లాగడంలో దానికి సాటి లేదని చెన్నయ్య అంటే మహేందర్ కాదనలేదు.

"గొర్రెపొట్టేలు తీర్గ ఉంటది నీ బండి, ఓవర్సీర్ సాబ్. తల వంచుకొని కుమ్ముకుంట పోతది," అన్నాడు.

మునీర్ నవ్వాడు. చెన్నయ్య అందరికన్నా గట్టిగా నవ్వాడు. నవ్వి, అద్దాలు లేని ముక్కు మీద అద్దాలు సర్దుకున్నట్టు వేలితో రాసుకున్నాడు. మీ ఇంట్ల ఏం చేస్తరని మునీర్ ఒకసారి అడిగితే యవుసం అని చెప్పి ఉన్నాడు. చారెడు చెలక ఉంది కాబట్టి అది అబద్ధం కూడా కాదు. చెలక చుట్టూ ఉన్న మంద సంగతి అడిగితే కదా చెప్పడానికి.

చైనా యుద్ధం అయిన మరుసటి ఏడు, జొన్న కంకి పాలు పట్టే రోజులు. ఆ ఆదివారం మునీర్ భార్య హాజిరాబీ టిఫిను క్యారియరు నిండా ఖీమా, రొట్టెలు కట్టి ఇచ్చింది. అనంతగిరి ఎక్కి తిందామన్నారు. బండి గొప్ప చాయ్ బల్ల దగ్గర తేలదు, ఘాటు మీద తేలుతుందని మునీర్ అన్నాడు. పందెం అతనే పెట్టాడు. ఘాటు మొదలైన కాడి నుంచి గుట్ట పైదాకా టాప్ గేరు దించకూడదు. దించినవాడు వచ్చే ఆదివారం మిగతావాళ్ల బండ్లు కడగాలి.

చెన్నయ్యది నెమ్మది బండి కాబట్టి అతన్ని ముందు పొమ్మన్నారు. అతని వెనక మునీర్. అందరికీ వెనక, తిరిగి అందుకుంటానన్న ధీమాతో మహేందర్.

ధారూర్ దాటి గుట్టల్లోకి మళ్లాక చల్లగాలి తగిలింది. చెన్నయ్య మెడకు మఫ్లరు బిగించి, నొసటి మీది గాలి కళ్లజోడు కిందికి లాక్కున్నాడు. మొదటి మలుపులోనే ఇంజను రొప్పడం మొదలుపెట్టింది. హ్యాండిలు మీద స్పార్కు లీవరు ఉంటుంది. ఇంజను టకటకమని కొట్టుకుంటున్నప్పుడు దాన్ని కొంచెం వెనక్కి జరిపితే కొట్టుకోవడం ఆగి మళ్లీ లాగుతుంది. ఎంత జరపాలో చెవి చెప్పాలి. చెన్నయ్య చెవి పెట్టాడు. జరిపాడు. బండి గునుస్తూ గునుస్తూనే ఎక్కింది. వెనక మునీర్ బుల్లెట్టు చప్పుడు డబడబమని దూరంగా వినబడుతోంది. మొత్తానికి ఈసారి తన బండి నెగ్గేటట్టు ఉంది.

మలుపు తిరిగేసరికి రోడ్డు నిండా గొర్రెలు.

గొర్రెలు ఒకదాని పొట్ట కింద ఒకటి తలలు దూర్చుకుని నిలబడి ఉన్నాయి. కాపరి రోడ్డు మీద లేడు. పైన గట్టు మీద చెట్టు కొమ్మ వంచి కొంకికట్టెతో ఆకు దులుపుతున్నాడు. నల్లగొంగడి, వీపు కొంచెం కుడిపక్కకు ఒరిగి ఉన్న నిలబాటు. ముఖం చూడకుండానే చెన్నయ్యకు తెలిసింది. అది అతని అన్న బీరయ్య.

హారను కొట్టాడు. గొర్రె హారనుకు జరగదు. మరింత దగ్గరికి ముడుచుకుంటుంది. ఆ సంగతి చెన్నయ్య కన్నా తెలిసినవాడు ఆ రోడ్డు మీద ఎవడున్నాడు? క్లచ్చు పట్టి, గేరు దించి, ఇంజను ఆపేసి నిలబడితే మంద దానంతట అదే పోతుంది. నిలబడితే అన్న గట్టు దిగి వస్తాడు. "చెన్నిగా" అంటాడు. వెనకవాళ్లు వస్తారు.

అతని నాలుక అంగిట్లోకి మడుచుకుంది. "ట్రుయ్... ట్రుయ్... ఓ... బా!"

మందకొక పిలుపు ఉంటుంది. ఒకరి పిలుపుకు ఇంకొకరి గొర్రె తల ఎత్తదు. ఇది వాళ్ల నాయిన పిలుపు. నాలుకను మడిచి, చివర గొంతును పైకి లాగి వదలాలి. కాలేజీ నుంచి వచ్చాక చెన్నయ్య నోట ఎన్నడూ వెళ్లలేదు. వెళ్లినాక చూస్తే, గొంతు కూడా నాయిన గొంతే.

రోడ్డు మధ్యన నల్లమొహం గొర్రె ఒకటి, మెడలో గంట ఉన్నది, టక్కున తల ఎత్తింది. ఎత్తి అతని దిక్కు నడిచింది. దాని వెంట మంద అంతా మళ్లింది. మళ్లేటప్పుడు లోయ పక్కన మనిషి పట్టేంత సందు తెరుచుకుంది. చెన్నయ్య ఆ సందులోంచి దూరి పోయాడు. టాప్ గేరు దిగలేదు.

పోయాడు గాని, పిలిచినవాడి వెంట మంద పోతుంది కదా. సందు మూసుకుంది. గంట గొర్రె అతని వెనక రోడ్డు మీద మెడ చాపుకుని ఉరికింది. అప్పుడే మలుపు తిరిగాడు మునీర్.

చెన్నయ్య విన్నది ముందు గంట చప్పుడు, తర్వాత ఇనుము రాయికి రాసుకున్న చప్పుడు.

అతను బండి తిప్పుకుని వచ్చేసరికి బీరయ్య గట్టు మీది నుంచి దూకి ఉన్నాడు. గొర్రె దగ్గరికి పోలేదు. మునీర్ కాలి మీద పడ్డ బుల్లెట్టుకు భుజం ఆనించి ఎత్తుతున్నాడు. ఎత్తి నిలబెట్టి, మునీర్‌ను చెట్టుకు ఆనించి కూర్చోబెట్టి, తన తలకున్న రుమాలు విప్పి అతని విరిగిన చేతిని మెడకు కట్టాడు. అప్పుడు పోయి గొర్రె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. దాని మెడ కింద చెయ్యి పెట్టి, గంట చప్పుడు కాకుండా పట్టుకున్నాడు. కొంచెం సేపటికి అది కదలడం మానింది. చెయ్యి తీశాడు.

మహేందర్ జావా దిగి వచ్చాడు. మునీర్ ముఖం మీది రక్తం చూసేసరికి అతనికి కోపం ఆగలేదు.

"రోడ్డు మీద మందను ఇడిసిపెట్టి గట్టెక్కి కూసుంటవా? ఎవడో పిలిచిండు, నేను ఇన్న. ఎవడు పిలిచిండు?"

బీరయ్య తల ఎత్తాడు. మహేందర్‌ను దాటి, కళ్లజోడూ మఫ్లరూ వేసుకుని బీఎస్ఏ పక్కన నిలబడ్డ మనిషిని చూశాడు. చూపు అక్కడ ఎక్కువ సేపు ఆగలేదు.

"నేనే పిలిచిన, దొరా," అన్నాడు.

మహేందర్ కొట్టాడు. చేతికి తోలు గ్లవ్వు ఉంది. దాని మీది గుండీ బీరయ్య పెదవిని చీల్చింది. బీరయ్య అంగీ చేతితో తుడుచుకున్నాడు. రెండో దెబ్బకు చెయ్యి ఎత్తితే మునీర్ కింద నుంచి వద్దని అరిచాడు. చెన్నయ్య చెయ్యి క్లచ్చు మీద ఉంది. ఇంజను ఆగిపోయి ఎంత సేపయిందో, ఇంకా క్లచ్చు పట్టుకునే ఉన్నాడు.

ఆ పూటే మహేందర్ పాలేళ్లు మందను గుట్ట కింది ఊరి బందెలదొడ్డికి తోలారు. పోలీసు పటేలు మహేందర్ ఇంటికి కావలసినవాడు. రోడ్డుకు అడ్డం పెట్టిన పశువులు కాబట్టి, దెబ్బ తిన్నవాళ్లు వచ్చి వదలమనేదాకా దొడ్డిలోనే ఉండాలన్నాడు. ఘాటు మీంచి ఇంటికి పోతూ పోతూ మునీర్ నొప్పిలోనే నవ్వాడు. టాప్ గేరు దించనిది ఓవర్సీర్ సాబ్ ఒక్కడే, మేం ఇద్దరం బండ్లు కడగాలె అన్నాడు.

---

మరునాడు వికారాబాదులో ఆఫీసు వెనక తారు డ్రమ్ములు లెక్కబెట్టిస్తుంటే ఒక కూలీ వచ్చి ఎవరో ఆడమనిషి వచ్చిందన్నాడు. రోడ్డు రోలరు నీడన కూర్చుని ఉంది. చెన్నయ్య వదిన బుగ్గమ్మ. అతన్ని చూసి లేచి కొంగు సర్దుకుంది.

"రోడ్డు సంగతి జర మాట్లాడాలె, సారూ," అంది.

సారు. కూలీలు వినేటట్టు, ఏ మాత్రం తడబడకుండా అంది. ఆ మాట దారి పొడుగునా అనుకుంటూ వచ్చి ఉంటుంది. చెన్నయ్య ఆమెను డ్రమ్ముల వెనక్కి తీసుకుపోయాడు. అక్కడ ఎవరూ లేరని అటూ ఇటూ చూసి, అప్పుడు అడిగింది.

"బువ్వ తిన్నవా?"

తిన్నానన్నాడు. అతని ముఖం చిక్కిందని, హోటల్లో తింటే గట్లనే అయితదని అంది. తర్వాత మెల్లగా వచ్చిన పని చెప్పింది. ఈనిన గొర్రెలన్నీ దొడ్డిలో ఉన్నాయి. పిల్లలు చేను మడిలో గంపల కింద ఉన్నాయి. మేతకు తోలేటప్పుడు పసిపిల్లలను గంపల కింద కమ్మి పోవడం అలవాటు. పొద్దు గూకేసరికి తల్లులు వచ్చి పాలిస్తాయి. నిన్న పొద్దు గూకింది, తల్లులు రాలేదు. మేకపాలు గుడ్డకు ముంచి చీకిస్తే కొన్ని చీకినయి, కొన్ని చీకలేదు. అక్కడ తల్లులకు పొదుగులు గడ్డకట్టి ఉంటాయి. రేపటి దాకా అంటే కొన్ని బతకవు.

"మీ అన్న నీ దిక్కు పోవద్దన్నడు. నేనే వచ్చిన," అంది. "మేం నీకేమైతమో ఎవ్వరికి చెప్పకు. నీకు పరేషాన్ వద్దు. ఉత్తగ ఇడిపియ్యి, అంతే."

చెన్నయ్య గోటితో డ్రమ్ము మీది తారు గీకుతున్నాడు. అన్న ఎట్లున్నాడని అడిగాడు. మూతి వాచిందని, అంబలి కూడా పక్కకు కారిపోతోందని చెప్పింది. చెప్పి, ఎవరితోనూ అనని మాట ఒకటి మనసులో ఉన్నట్టు ఆగింది.

"రోడ్డు మీద పిలిచిన అంటుండు. ఎన్నడన్న రోడ్డు మీద పిలిచిండా ఆయన? అడిగితె మాట్లాడడు. ఆ నల్లమొగంది నా సేతుల పెరిగింది, చెన్నయ్యా. ఏం బుద్ధి పుట్టెనో ఆ పొద్దు మీ అన్నకు."

అన్న ఇంట్లో కూడా చెప్పలేదన్న మాట. పిలిచింది నేనని చెన్నయ్య చెప్పబోయాడు. వదిన ముఖంలోకి చూస్తే ఆమె అతన్ని నమ్మకంగా చూస్తోంది. సాయంత్రమే పోయి మాట్లాడతానన్నాడు. ఆమె బయటికి వచ్చి, కూలీల ముందు మళ్లీ దండం పెట్టింది. అతను కూలీల ముందు ఆ దండం తీసుకున్నాడు.

---

సాయంత్రం రైల్లో తాండూరు పోయాడు. బండి తీయబుద్ధి కాలేదు. మునీర్ తన ఇంటి అరుగు మీద మంచం వేసుకుని, చేతికి కట్టుతో, పరామర్శకు వచ్చినవాళ్లకు కథ చెబుతున్నాడు. మహేందర్ అక్కడే ఉన్నాడు. కథ అప్పుడే షోలాపూర్ వాన లెక్కన పెరగడం మొదలైంది. బుల్లెట్టు గనక అంత దెబ్బకు కూడా హ్యాండిలు వంగలేదని, నార్టన్ అయితే బరువుకు ఇంకొంచెం నిలబడేదని, ఏరియల్ అయితే అసలు తన మాట విని తప్పుకునేదని మునీర్ అంటున్నాడు. చెన్నయ్యను చూసి కూర్చోమని మంచం మీద చోటు చేశాడు. బీఎస్ఏకు సలాం కొట్టాలన్నాడు. అంత మందలోంచి గేరు దించకుండా వెళ్లిందంటే మామూలు బండి కాదని వచ్చినవాళ్లకు చూపించి చెప్పాడు. వాళ్లు చెన్నయ్యను మెచ్చుకోలుగా చూశారు.

గొర్రెలను వదిలేద్దామని చెన్నయ్య చెప్పాడు. ఎందుకో కూడా చెప్పాడు. సర్కారు రోడ్డు, అర్జీ ఏదన్నా పైకి పోతే తన మీదికి వస్తుంది. రైల్లో కూర్చుని అల్లుకున్న కారణం అది. చెబుతుంటే తన గొంతు తనకే ఆఫీసు గొంతులాగ వినిపించింది. పిల్లల సంగతి, పాల సంగతి నోటికి రాలేదు. అవి చెబితే నీకెట్లా తెలుసని అడుగుతారు.

మునీర్ వెంటనే ఒప్పుకున్నాడు. తన మీది బండి ఎత్తినవాడే ఆ కాపరి, రుమాలు ఇంకా ఇంట్లోనే ఉంది, హాజిరాబీ ఉతికి ఆరేసింది అన్నాడు. మహేందర్ మాత్రం ఊరికే వదలకూడదన్నాడు. మునీర్ భాయ్ ముందు చెవులు పట్టుకోవాలె, అప్పుడు తోలుకొని పోవాలె. చివరికి పొద్దున ముగ్గురూ పోదామని ఖాయమయింది.

చెన్నయ్య లేచి చెప్పులు వేసుకుంటుంటే మునీర్ పిలిచాడు. కథ చెప్పే గొంతు కాదు అది.

"ఒక్క మాట, చెన్నయ్య భాయ్. ఆ మనిషి గట్టు మీద ఉండె. నాకు ఆవాజ్ ముంగట నించి వచ్చినట్టు వినొచ్చింది. నువ్వు ముంగటనే ఉంటివి. నీకు ఎటునుంచి వినొచ్చింది?"

"గుట్టలల్ల గాలి అట్లనే తిప్పుతది," అన్నాడు చెన్నయ్య.

మునీర్ అవునన్నట్టు తల ఊపాడు. అతను అంత తేలిగ్గా నమ్మకపోయి ఉంటే బాగుండునని స్టేషను దాకా నడుస్తూ చెన్నయ్య అనుకున్నాడు.

---

బందెలదొడ్డి అంటే ఊరి వెలుపల నాలుగు రాతిగోడలు, ఒక కట్టె తలుపు. చెన్నయ్య బీఎస్ఏ మీద పోయేసరికి తలుపు పక్కన బీరయ్య నిలబడి ఉన్నాడు. కింది పెదవి నల్లగా ఉబ్బి ఒక పక్కకు జారింది. తమ్ముడిని చూసి, రోడ్డు మీది ఏ సారునో చూసినట్టే గోడకు ఒదిగాడు. కొంచెం ఎడంగా బుగ్గమ్మ ముందర గంప ఉంది. గంపలో నాలుగైదు పసిపిల్లలు. ఒకటి తల గంప అంచు మీద వాల్చి, అరవడానికి నోరు తెరుస్తోంది గాని చప్పుడు రావడం లేదు.

మహేందర్ జావా వచ్చింది. వెనక సీటు మీద మునీర్. మహేందర్ ఇంజను ఆపకుండానే దిగి, తలుపు తీయమన్నాడు. ముందు గొర్రెలను బయటికి తోలండి, చెవుల సంగతి తర్వాత అన్నాడు.

దొడ్డి కావలి మల్లప్ప తలుపు తీశాడు. ఒక్క గొర్రె బయటికి రాలేదు. బండి చప్పుడు వినడంతోనే మంద అంతా వెనక గోడ మూలకు పోయి కుక్కుకుంది. చెన్నయ్య బండి ఆపమన్నాడు. మహేందర్ ఆపాడు. అయినా కదలలేదు. మల్లప్ప లోపలికి పోయి కర్రతో అదిలించాడు. దాంతో వెనకవి ముందువాటి మీదికి ఎక్కాయి. మూలలో కిందబడ్డ గొర్రె ఒకటి గుడ్లు తేలేసి నాలుక బయట పెట్టింది. దాని మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి. గొర్రెలు అట్లాగే చస్తాయి. ఊపిరి ఆడక, చప్పుడు లేకుండా.

"కర్ర వద్దు, కర్ర వద్దు," అని బీరయ్య మల్లప్పను పట్టి వెనక్కి లాగాడు. గోడ దగ్గర నిలబడి నోరు తెరిచాడు. నాలుక మడవబోతే పెదవి అడ్డం వచ్చింది. గాలి పక్కకు జారిపోయి బుస్సుమంది. రెండు మూడు తలలు లేచి చూశాయి. తమది కాదనుకుని దించేసుకున్నాయి. మళ్లీ ప్రయత్నించాడు. పెదవి చిట్లి గడ్డం మీదికి రక్తం జారింది.

"మొన్న మంచిగ పిలిస్తివి గద, గట్లనే పిలువు," అన్నాడు మునీర్.

"నోరు తిరుగుతలేదు, సాబ్."

మహేందర్ తన గ్లవ్వు గుండీ పెట్టుకుంటూ తీసుకుంటూ ఉన్నాడు. బుగ్గమ్మ గంపలోంచి ఒక పిల్లను తీసి తలుపు దగ్గర నిలబెట్టింది. అది నిలబడలేక ముందు కాళ్ల మీద కూలబడింది. ఆమె చెన్నయ్య దిక్కు చూడలేదు. చూడకూడదని వచ్చింది కాబట్టి చూడలేదు.

చెన్నయ్య నొసటి మీది కళ్లజోడు తీశాడు. మఫ్లరు తీశాడు. రెండూ బండి మీద పెట్టాలని కూడా తోచక, చేతిలో పట్టుకునే దొడ్డి లోపలికి పోయాడు. నాలుక మడిచాడు. మొదటిసారి దగ్గు వచ్చింది. ఉమ్మి మింగి, తల కొంచెం ఎత్తాడు.

"ట్రుయ్... ట్రుయ్... ఓ... బా!"

మూలలో కదలిక పుట్టింది. మీదివి దిగాయి. ఒక్కొక్క తలా అతని దిక్కు తిరిగింది. ఇంకోసారి పిలిచాడు. మంద మొత్తం వచ్చి అతని మోకాళ్లను చుట్టుకుంది. కిందబడ్డ గొర్రె అన్నిటికన్నా వెనక, లేచి, ఊగుకుంటూ, అది కూడా వచ్చింది. వెనక్కి నడుస్తూ, పిలుస్తూ, అతను తలుపు దాటాడు. మంద అతన్ని ఒరుసుకుంటూ బయటికి వచ్చింది. కొన్ని పిల్లల వాసన పట్టి గంప మీదికి ఉరికాయి. బుగ్గమ్మ పిల్లలను ఒక్కోదాన్ని ఎత్తి పొదుగుల కింద పెట్టసాగింది. పెడుతూ పెడుతూ ఆగింది. ఆమె చూసింది మరిదిని కాదు, మొగుణ్ణి. చాలా సేపు చూసి, మళ్లీ పిల్లను చీకించడంలో పడింది.

మునీర్ మెల్లగా దగ్గరికి వచ్చాడు.

"గిదే ఆవాజ్," అన్నాడు.

బీరయ్య గబగబా అడ్డం వచ్చాడు. వాచిన నోటితోనే, "మా ఊరి సారు, సాబ్. చిన్నగున్నప్పుడు మా మందెంబడి తిరుగుతుండె. గట్ల నేర్సుకున్నడు," అన్నాడు.

"మా అన్న," అన్నాడు చెన్నయ్య.

మహేందర్ గ్లవ్వు జేబులో పెట్టుకున్నాడు. నొచ్చుకున్నట్టు ముఖం పెట్టి, ముందటనే చెప్తె నేను చెయ్యి చేసుకోకపోదును గద, ఓవర్సీర్ సాబ్ అన్నాడు. వేరేవాళ్ల అన్న అయితే కొట్టవచ్చునన్న మాట. ఆ మాటలో తప్పు ఉన్నట్టు అతనికి తోచలేదు. మొన్న ఘాటు మీద, క్లచ్చు పట్టుకుని నిలబడ్డ క్షణంలో, ఆ తప్పు తనకు మాత్రం తోచిందా అని చెన్నయ్య తనను తాను అడుగుకోలేకపోయాడు.

చెవులు పట్టుకోమని ఎవరూ అడగలేదు. మునీర్ జేబులోంచి ఉతికి మడిచిన రుమాలు తీసి, మంచి చేత్తో బీరయ్యకు ఇచ్చాడు. షుక్రియా అన్నాడు. తర్వాత చెన్నయ్య దిక్కు తిరిగాడు. మొహంలో కోపం లేదు. కోపం ఉంటే తట్టుకోవచ్చు.

"నా చెయ్యి ఫికర్ లేదు. అతుకుతది," అన్నాడు. "కొట్టేటప్పుడు నువ్వు ఆడనే ఉంటివి, భాయ్."

అనేసి పోయి జావా వెనక ఎక్కాడు. బండి ఊరు దాటి, ఘాటు మలుపులో గేరు మార్చుకున్న చప్పుడు ఇక్కడిదాకా వినిపించింది. ఆ బల్ల దగ్గర ఇక మీద ఆదివారాలు రెండు బండ్లే నిలబడతాయని చెన్నయ్యకు తెలుసు. ఎవరూ రావద్దనరు. తానే పోలేడు.

గొర్రెలు ఇంకా అతన్ని వదలలేదు. మూతులతో పంట్లాము జేబులు పొడుస్తున్నాయి. చేతులు వాసన చూస్తున్నాయి. ఒకటి మఫ్లరు కొస నములుతోంది. ఎందుకు పొడుస్తున్నాయో అతనికి ఒక్క గడియ అర్థం కాలేదు. అర్థమయ్యాక, ఘాటు మీద మెడ చాపుకుని ఉరికివచ్చిన నల్లమొహం గొర్రె కళ్ల ముందు నిలిచింది.

బీరయ్య వచ్చి పక్కన నిలబడ్డాడు. గొంగడి కొసన ఉన్న ముడిని పళ్లతో విప్పబోయి, నొప్పికి ఆగి, వేళ్లతో విప్పాడు. తమ్ముడి మొహం చూడలేదు. గొర్రెలనే చూస్తున్నాడు.

"పిలిస్తె ఉప్పు పెట్టాలెరా," అన్నాడు. "ఉత్తగ పిలువొద్దని నాయిన చెప్పలే?"

పిడికెడు గల్లుప్పు చెన్నయ్య చేతిలో పోశాడు. చెన్నయ్య మట్టిలో కూర్చుని అరచెయ్యి చాపాడు. గరుకు నాలుకలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. ఉప్పు అయిపోయింది. అయినా నాకుతూనే ఉన్నాయి. అతను చెయ్యి వెనక్కి తీసుకోలేదు.